కొండ ఏట్లో మా అత్తగారు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా అత్తగారు చర్చికి తయారై, ఆటో వచ్చేలోపు వరండాలో కుర్చీలో కూర్చుని, అలాగే కన్నుమూశారు. ఆటో అతను బయట హారన్ కొడుతున్నాడు. ఎప్పుడూ మమ్మల్ని తొందరపెట్టే మనిషి ఇవాళ ఇంకా లేవలేదేమిటా అనుకుంటూ వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. బ్యాగు ఒళ్లోనే ఉంది. ముఖంలో ఎక్కడా బాధ లేదు. గుండె జబ్బు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. నలభై ఏళ్లు ఆస్పత్రిలో పనిచేసిన ఆవిడకు మా అందరికంటే బాగా తెలుసు.

ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి ఆ రోజు వచ్చిన జనాన్ని చూసి వీధివాళ్లు ఆశ్చర్యపోయారు. కంకిపాడు నుంచి, ఉయ్యూరు నుంచి, విజయవాడ నుంచి వస్తూనే ఉన్నారు. వాళ్లలో చాలామందిని నేను ఎప్పుడూ చూడలేదు. "మా పెద్దాణ్ణి ఆవిడే తీశారండీ" అని ఒకామె, "మా ఇంట్లో పిల్లలందరూ ఆవిడ చేతుల మీదే పుట్టారమ్మా" అని ఇంకొకామె. బట్టతల, బానపొట్ట ఉన్న ఒక పెద్దమనిషి లోపలికొచ్చి, కాస్త మొహమాటంగా, "నేను కూడా ఆవిడ చేతుల్లోనే పుట్టానండీ" అన్నారు. ఏడుస్తున్నవాళ్లు కూడా తలెత్తి ఆయన్ని చూసి నవ్వారు. ఆయనా నవ్వేశారు.

తర్వాత జరిగిన జ్ఞాపకార్థ కూటంలో పాస్టరుగారు ఆవిడ గురించి చాలాసేపు మాట్లాడారు. కాన్పుల వార్డులో ఆవిడ సేవ, క్వయర్‌లో ఆవిడ గొంతు, వర్షమొచ్చినా ఆగని ఆవిడ హాజరు. అన్నీ నిజాలే. ఆవిడ చేపల పిచ్చి సంగతి మాత్రం ఎత్తలేదు. కూటం అయ్యాక అదే అడిగాను.

"తెలుసమ్మా. సందర్భానికి బాగోదేమోనని ఊరుకున్నాను."

"ప్రభువు వెంట నడిచినవాళ్లలో చాలామంది జాలర్లే కదండీ."

ఆయన నవ్వి, "అయితే అది నువ్వు చెప్పమ్మా" అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఆవిడ నాకు అత్తగారు ఎలా అయ్యారో చెప్పాలి. మాది కంకిపాడు దగ్గర వ్యవసాయ కుటుంబం. మేము హిందువులం, వాళ్లు క్రైస్తవులు. మాది ప్రేమ పెళ్లి. రెండు ఇళ్ల పెద్దవాళ్లు మొదటిసారి మా హాల్లో కలిసినప్పుడు అందరూ బిగుసుకుపోయి కూర్చున్నారు. మా నాన్న గోడ మీద ఫ్యాను వంక చూస్తున్నారు. కాబోయే మామగారు నేల వంక చూస్తున్నారు. ఇంతలో మా అమ్మ కాఫీ ట్రేతో వచ్చి, కాబోయే అత్తగారి ముందు టక్కున ఆగిపోయింది.

"సిస్టరుగారూ, మీరా!"

మా అమ్మ కాన్పుకు ఆస్పత్రిలో చేరినప్పుడు డ్యూటీలో ఉన్నది ఆవిడేనట. ఆవిడ అమ్మను ఒక్క నిమిషం పరీక్షగా చూసి, తర్వాత నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఓహో, ఈ పిల్లా! పుట్టగానే ఏడవకుండా కూర్చుంటే తలకిందులుగా పట్టుకుని వీపు మీద నాలుగు వేశాను. అమ్మాయ్, అత్తగారిగా నా కోటా అప్పుడే అయిపోయింది. ఇంక నిన్నేమీ అనను" అన్నారు.

మా నాన్న ఫ్యాను వంక చూడటం మానేసి పెద్దగా నవ్వారు. పెళ్లి అక్కడే ఖాయమైంది. ఆవిడ మాట మీద నిలబడ్డారు కూడా.

చేపల పిచ్చి ఆవిడకు చిన్నప్పటిది. బందరు కాలువ గట్టు మీద పెరిగారు. ఎండాకాలం ముందు కాలువకు నీళ్లు కట్టేస్తారు కదా, అప్పుడు అక్కడక్కడా మిగిలిన మడుగుల్లో చేపలన్నీ చేరతాయి. వెదురు కర్ర, నైలాను దారం, నెమలి ఈక ముక్క బెండుగా కట్టుకుని, అన్నదమ్ములతో పోటీపడి కొరమీనుల కోసం కూర్చునేవారట. ఉద్యోగంలో చేరాక కూడా సెలవు రోజున భోజనమవగానే గట్టు మీద ఉండేవారు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, నెత్తిమీద మామగారి టోపీ పెట్టుకుని. ఆ టోపీ థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగానికి ఆయనకు ఇచ్చిన పసుపు రంగు హెల్మెట్టు. ఎండకి బాగుంటుందనేవారు.

"అంతసేపు కదలకుండా ఎలా కూర్చుంటారత్తయ్యా?" అని ఒకసారి అడిగాను.

"ఎదురుచూడటం కూడా ఒక పనేనమ్మాయ్. ఆ పనికి నాకు నెలనెలా జీతం ఇచ్చారు."

రిటైరయ్యాక ఒక రోజు ఫోనులో ఏదో వీడియో చూస్తూ నన్ను పిలిచారు. మంచు కొండల మధ్య ఒక ఏరు. మోకాలి లోతు నీళ్లలో ఒక మనిషి నిలబడి, పొడుగాటి సన్నని కర్రతో దారాన్ని గాల్లోకి విసురుతున్నాడు. దారం వెనక్కి వెళ్లి, సాగి, మళ్లీ ముందుకొచ్చి, చివర్న ఉన్న చిన్న ఈక ముక్క నీటి మీద ఈగలా వాలింది. ఆవిడ అదే ముక్కను వెనక్కి జరిపి జరిపి చూశారు.

"ఎర లేదు, బెండు లేదు. ఒట్టి ఈగ బొమ్మ! ఎంత అందంగా వేస్తున్నాడో చూడు."

దాన్ని ఫ్లై ఫిషింగ్ అంటారని నేను చదివి చెప్పాను. ఆవిడ మాత్రం చివరి దాకా 'ఈగ గాలం' అనే అన్నారు. ఆ కర్ర తెప్పించుకున్నారు. ఈగలు మాత్రం కొనలేదు. పక్కింటి నాటుకోడి ఈకలు, నా పాత స్వెట్టరు ఊలు, సన్న పట్టుదారం తీసుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని గాలాలకు చుట్టేవారు. కుట్లు వేసిన చేతులు కదా, ముడులు ఎంత చిన్నగా పడేవో. ఆస్పత్రిలో వాడే సన్న పట్టకారు, ఆర్టరీ ఫోర్సెప్సు ఒకటి మెడికల్ షాపులో కొని, ఈగను దాంతో పట్టుకుని పని చేసేవారు. పూర్తయినదాన్ని అరచేతిలో పెట్టుకుని మామగారికి చూపించేవారు.

"కుట్టదు కదా?" అనేవారాయన, పేపరు కిందికి దించకుండానే.

విసరడం నేర్చుకోవడానికి కృష్ణ ఒడ్డే బడి. సాయంత్రం ఎండ తగ్గాక మేమిద్దరం ఇసుకలోకి దిగేవాళ్లం. మొదట్లో ఆ దారం ఆవిడ చుట్టూ, నా చుట్టూ, ఒకసారి అటుగా పోతున్న గేదె కొమ్ముల చుట్టూ చుట్టుకుంది. గేదెల ఆయన చిక్కు విడదీసుకుంటూ, "గాలిపటమైతే తోక ఉండాలండీ" అని సలహా కూడా ఇచ్చాడు. స్నానాలకు వచ్చినవాళ్లు మెట్ల మీద కూర్చుని చూసేవారు. దారం చక్కగా సాగి నీటి మీద వాలిన మొదటి రోజున వాళ్లే చప్పట్లు కొట్టారు. ఆవిడ వెనక్కి తిరిగి, క్వయర్ పాట అయ్యాక వంగినట్టు కొంచెం వంగి నమస్కారం పెట్టారు.

ఆ తర్వాత ఆ ఈగలతోనే కాలువలో కొరమీనులు పట్టి పులుసు పెట్టారు. అయినా ఆవిడ మనసంతా ఆ వీడియోలోని చేప మీదే ఉండేది. బ్రౌన్ ట్రౌట్. మన దేశంలో హిమాచల్ కొండల ఏళ్లలో దొరుకుతుందని తెలిశాక ఇక ఆగలేదు. ఎప్పుడో ఇంగ్లీషువాళ్లు తెచ్చి వదిలిన చేపట అత్తయ్యా, అది మన చేప కాదని నేనంటే, "ఇన్ని తరాలు అక్కడే పుట్టాక ఇంకా ఎవరిది? ఎక్కడ పుట్టింది అక్కడిదే" అన్నారు. కాన్పుల సిస్టరు తీర్పు అది. దానికి అప్పీలు లేదు.

అప్పుడే గుండె సంగతి బయటపడింది. మెట్లెక్కితే ఆయాసం. విజయవాడలో పరీక్షలన్నీ చేశాక డాక్టరుగారు మందులు రాసి, వాల్వు బాగా అరిగిందన్నారు. ఆపరేషను వద్దని ఆవిడే తేల్చుకున్నారు. ఎందుకు వద్దనుకున్నారో నాకూ మామగారికీ కూర్చోబెట్టి విడమర్చి చెప్పారు. తర్వాత డాక్టరుగారి దగ్గరికి మళ్లీ వెళ్లి కొండల గురించి అడిగారు. మరీ ఎత్తుకు వెళ్లవద్దు, చలి ముదరకముందే వెళ్లి రమ్మని ఆయన ఒప్పుకున్నారు.

ఇంట్లో పెద్ద గొడవ. "కృష్ణలో చేపలు అయిపోయాయా? ఈ గుండెతో ఆ చలికి పోతావా?" అని మామగారు అన్నం ముందు నుంచి లేచిపోయారు. ఆయన కోపం చూడటం నాకు అదే మొదటిసారి. అది కోపం కాదని ఆవిడకు తెలుసు. వెళ్లి పక్కన కూర్చున్నారు.

"నవంబరు వస్తే అక్కడ గాలాలు ఆపేస్తారండీ. చేపలు గుడ్లు పెట్టే కాలం. మళ్లీ తెరిచేటప్పటికి ఎండాకాలం వచ్చేస్తుంది. అప్పటికి నేను ఎలా ఉంటానో. సీజను ఆఖర్లో అయినా ఒక్కసారి వెళ్లనివ్వండి."

ఆయన మళ్లీ కంచం ముందుకు వచ్చి కూర్చున్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు కూడా వెళ్లమ్మా. మందులు నీ చేతిలో పెట్టుకో" అన్నారు. మా ఆయనకు సెలవు దొరకలేదు. అలా అత్తాకోడళ్లం ఇద్దరం ఢిల్లీ రైలెక్కాం. ఆవిడ సూట్‌కేసులో గాలం సామాను, మందులు, రెండు స్వెట్టర్లు, వాటి మధ్య జాగ్రత్తగా చుట్టిన ఒక పొట్లం ఉన్నాయి. ఉప్పు, పసుపు, గుంటూరు కారం, ధనియాల పొడి కలిపిన చేపల మసాలా అది. పట్టిన చేపను అక్కడే ఏటి ఒడ్డున వేయించుకు తినాలని ఆవిడ ప్లాను.

మేము దిగింది దేవదారు చెట్ల మధ్య చిన్న ఊరు. గైడుగా కుదిరినాయన యాభై ఏళ్ల మనిషి, వాళ్ల ఇంట్లోనే మాకు గది ఇచ్చాడు. ఏట్లో గాలం వేయడానికి లైసెన్సులు ఆయనే తెప్పించాడు. అత్తగారిని చూడగానే "మాతాజీ" అని కాళ్లకు దండం పెట్టబోతే ఆవిడ కంగారుపడి వెనక్కి జరిగారు. "నేను మాతాజీని కాదు బాబూ, రిటైర్డ్ స్టాఫ్ నర్సుని" అని తెలుగులోనే చెప్పారు. ఆయన అర్థమైనట్టు తలూపి మళ్లీ మాతాజీ అనే పిలిచాడు.

ఏరు అద్దంలా ఉంది. అడుగున రాళ్లు కనిపిస్తున్నాయి, చేపలు కూడా కనిపిస్తున్నాయి. కానీ అవి మమ్మల్ని ముందే చూసేస్తున్నాయి. మన కాలువ బురద నీళ్లలో చేపకు మనిషి కనిపించడు. ఇక్కడ మన నీడ పడితే చాలు, రాళ్ల కిందికి దూరేవి. ఆవిడ రబ్బరు బూట్లు వేసుకుని, శాలువా తలకు చుట్టుకుని నీళ్లలో నిలబడేవారు. కాసేపు విసరడం, ఆయాసం వస్తే రాయి మీద కూర్చోవడం. నేను ఫ్లాస్కులో టీ పోసి ఇవ్వడం. సాయంత్రానికి ఉత్త చేతులతో తిరిగి రావడం. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

గైడుకు మా మీద జాలేసింది. నా దగ్గరికి వచ్చి హిందీలో మెల్లగా చెప్పాడు. పక్క ఊళ్లో ట్రౌట్ పెంచే చెరువు ఉంది, అక్కడ గాలం వేస్తే చాలు పడుతుంది, మాతాజీ సంతోషిస్తారు. నేను ఆవిడకు చెప్పాను. నాకైతే ఆ మాట బాగానే అనిపించింది.

"చెరువు చేప కావాలంటే కైకలూరు బస్సెక్కేదాన్ని కదమ్మాయ్. రెండు రోజులు రైల్లో, బస్సులో ఎందుకు కూర్చుంటాను?" అన్నారు. తర్వాత నా ముఖం చూసి, "దొరక్కపోతే దొరక్కపోయింది. అదిగో, ఆ కొండ మీద ఎండ చూడు. మామగారికి చెప్పడానికి అదొకటి చాలు" అన్నారు. కానీ ఆ సాయంత్రం గదిలో ఈగల డబ్బా ముందేసుకుని చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నారు.

ఆఖరి రోజు వచ్చింది. రేపటి నుంచి ఏట్లో గాలం వేయకూడదు. పొద్దుటి నుంచి మబ్బు పట్టి ఉంది. మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. చలికి నా వేళ్లు కొయ్యబారిపోయాయి. ఆవిడ పెదాలు కొంచెం నల్లబడ్డాయేమోనని నాకు అనుమానం వచ్చి, "ఇంక చాలత్తయ్యా, లేవండి" అన్నాను.

"తొందరపడితే తల్లికీ కష్టమే, మనకీ కష్టమే. ఇంకొక్కసారి వేసి వస్తాను."

ఇది ఆవిడ వార్డులో అనే మాట. ఆవిడ డబ్బాలోంచి నాటుకోడి ఈకతో కట్టిన గోధుమరంగు ఈగను తీసి కట్టారు. గైడు అప్పటిదాకా ఇచ్చిన రంగురంగుల ఈగల పక్కన అది మట్టి ముక్కలా ఉంది. మడుగు చివర, నీళ్లు మళ్లీ పరుగెత్తడం మొదలెట్టే చోట, దాన్ని పైన వాలనివ్వకుండా మునగనిచ్చారు. దారం కొట్టుకుపోతూ పోతూ ఆగింది.

ఆవిడ కర్ర ఎత్తారు. అది విల్లులా వంగింది.

తర్వాత జరిగినదంతా నా అరుపులతో కలిసిపోయి గుర్తుంది. గైడు వల పట్టుకుని నీళ్లలోకి దూకాడు. నేను బూట్లు లేకుండానే ఏట్లో దిగిపోయాను. చేప ఎగువకు లాగింది, రాయి చాటుకు వెళ్లింది, మళ్లీ వచ్చింది. ఆవిడ మాత్రం చిత్రంగా నిమ్మళించారు. ఊపిరి కూడా మామూలుగా అయిపోయింది. "రా తల్లీ, రా. ఏం లేదు, రా" అని ఎవరితోనో చెబుతున్నట్టు చెబుతూ, అది లాగితే దారం వదులుతూ, అలిస్తే చుడుతూ, మెల్లగా ఒడ్డుకు తెచ్చారు.

వలలో నీళ్ల మధ్య చేప. జానెడున్నర ఉంటుంది. ఒళ్లంతా తేనె రంగు, దాని మీద నల్ల చుక్కలు, ఎర్ర చుక్కలు, ఎర్ర చుక్క చుట్టూ తెల్లటి అంచు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ ఏటి నీళ్లలో మోచేతుల దాకా తడుపుకుని, అప్పుడు దాన్ని తాకారు. పొట్ట కింద వేళ్లు పెట్టి ఒక్క క్షణం ఆగారు. ముఖం మారిపోయింది. తలెత్తి గైడును చూశారు. హిందీ రాని ఆవిడకు అవసరమైన ఒక్క మాటా దొరికింది.

"గర్భవతీ?"

గైడు వంగి చూసి, "హా మాతాజీ. నిండుగా ఉంది" అన్నాడు.

"నెలలు నిండినామెను పట్టుకొచ్చి ఇక్కడ పడుకోబెట్టాం. అమ్మాయ్, ఆ ఫోర్సెప్సు ఇలా ఇయ్యి."

ఆ గొంతు నాకు కొత్త. ఇంట్లో అత్తగారి గొంతు కాదది. నా చేతులు వాటంతట అవే కదిలి ఫోర్సెప్సు అందించాయి. గాలం వెనక ముల్లును ఆవిడ ఇంటి దగ్గరే నొక్కేసి ఉంచారు కాబట్టి తేలిగ్గా ఊడొచ్చింది. గైడు ఫోటో అంటున్నాడు. నేను కొయ్యబారిన వేళ్లతో ఫోను తీసి ఒకసారి నొక్కాను.

"ఫోటోకి పైకెత్తాలి. వద్దు. దానికి ఊపిరాడదు."

చేపను నీళ్లలోనే, మూతి ఎగువకు ఉండేలా రెండు చేతుల్లో పట్టుకున్నారు. దాని చెంపలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. "ఊపిరి తీసుకో. నిదానం. ఇంకొకటి. అదీ, అలాగ" అంటూ ఉన్నారు. నేను పుట్టినప్పుడు మా అమ్మతో కూడా ఇలాగే అని ఉంటారని ఎందుకో అప్పుడు అనిపించి, చలిలోనూ నా కళ్లు వేడెక్కాయి. కాసేపటికి చేప ఒళ్లు విరుచుకున్నట్టు కదిలింది. ఆవిడ చేతులు విప్పారు. తోక ఒక్కసారి ఆడించి, తేనె రంగు రాళ్ల రంగులో కలిసిపోయింది.

గైడు ఆకాశం వైపు చూసి, ఇంకా వెలుగుంది మాతాజీ, ఇంకోటి పడుతుంది అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. ఆవిడ అప్పటికే దారం చుట్టేస్తున్నారు.

"ఇప్పుడు ఏట్లో తిరిగేవాళ్లందరూ కాన్పుకు పోయేవాళ్లేనమ్మాయ్. వాళ్ల దారికి అడ్డం మనమెందుకు?"

లేచి నిలబడటానికి నా భుజం పట్టుకున్నారు. శాలువా అంచుతో కళ్లు ఒత్తుకున్నారు. చలికా, సంతోషానికా అంటే, "రెండింటికీ" అని నవ్వారు. ఆ నవ్వు ఇంటికెళ్లే దాకా తగ్గలేదు.

ఆ సాయంత్రం మసాలా పొట్లం గైడు వాళ్ల అమ్మగారి పొయ్యి దగ్గరికి చేరింది. చేప లేదు కాబట్టి ఆలుగడ్డలు ముక్కలు కోసి, ఆ మసాలా పట్టించి వేయించాం. ఆ పెద్దామె ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. మా అత్తగారు కంగారుపడి వీపు నిమిరారు. ఆమె కళ్లు తుడుచుకుని, చెయ్యి చాచి, ఇంకో ముక్క అడిగింది.

ఇంటికొచ్చాక నా ఫోటోలో మిగిలింది కాసిని నీళ్లు, ఆవిడ మోచెయ్యి. మామగారు కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"చేప ఏదే?"

"పంపించేశానండీ."

"అంత దూరం పోయి పంపించేశావా?"

"నలభై ఏళ్లు నేను చేసిన పని అదేగా. రావడం చూసి పంపించెయ్యడం."

మామగారు మర్నాడే ఆ ఫోటో ప్రింటు తీయించి హాల్లో పెట్టారు. వచ్చినవాళ్లకు ఆ మోచేతిని చూపించి, ఇది హిమాచల్‌లో మా ఆవిడ చేప పట్టినప్పటిది అని ఇప్పటికీ గంభీరంగా చెబుతారు.

ఆవిడ తర్వాత మరీ ఎక్కువ కాలం లేరు. ఉన్నంతకాలం ఆయాసపడుతూనే నవ్వుతూ ఉన్నారు. ఆవిడను తలుచుకుంటే నాకు ముందుగా కనిపించేది వరండా కుర్చీ కాదు, ఏట్లో చేప కూడా కాదు. మేము ఆ ఊరి నుంచి బయల్దేరిన పొద్దుట.

బస్సు కోసం సామాను రోడ్డు మీద పెట్టి, ఆవిడ్ని పిలవడానికి వెనక్కి తిరిగాను. పైనుంచి గైడు ఇంటి వాకిలి కనిపిస్తోంది. ఇంటి కప్పు మీద మొక్కజొన్న కంకులు ఎండబెట్టి ఉన్నాయి. మబ్బు విడిపోయి ఎండ వచ్చింది. గోడకు ఆనుకుని మా అత్తగారూ, గైడు వాళ్ల అమ్మగారూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఈవిడకు తెలుగు తప్ప రాదు, ఆవిడకు వాళ్ల కొండ భాష తప్ప రాదు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మా అత్తగారు రెండు చేతులూ ఎడంగా పెట్టి ఇంత అని కొలత చూపించారు. ఆ పెద్దామె తల అడ్డంగా ఊపి, తన చేతులు ఇంకొంచెం ఎడంగా పెట్టి, అబ్బో, ఇంత అని చూపించింది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయి నవ్వుతున్నారు. వాళ్లు కొలుస్తున్నది చేపలనో, పుట్టినప్పటి పసిపిల్లలనో, పైనున్న నాకు తెలియలేదు.